తువ్వాలు నీడ

విలేకరి పనిలోకి వచ్చేవాళ్లు ముందు అడిగేది ప్రెస్ కార్డు. రెండోది బండి మీద అంటించుకునే స్టిక్కరు. వార్త ఎలా రాయాలని అడిగేవాడు ఎప్పుడో ఒకడు తగులుతాడు. ఎమ్మిగనూరులో కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి, ఆదోనిలో స్టాఫ్ రిపోర్టర్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎవరూ అడగకపోయినా నాలుగు మాటలు రాసి పెడదామనిపించింది. నా పదోన్నతులు, బదిలీల గోల ఇందులో ఉండదు. అవి నాకే గుర్తులేవు.

మన పనిలో వాడే మాటలు కొన్ని ఉన్నాయి. జర్నలిజం కాలేజీల్లో వాటికి నిర్వచనాలు చెబుతారు, పరీక్షల్లో రాయిస్తారు. ఆ నిర్వచనాలు తప్పని నేననను. ఒక్కో మాట వెనక ఎవరి ఇల్లు ఉంటుందో మాత్రం ఆ కాలేజీల్లో చెప్పరు.

డెడ్‌లైన్, డేట్‌లైన్

డెడ్‌లైన్ అంటే వార్త చేరాల్సిన ఆఖరి గడువు. మన పడమటి మండలాల పేజీలు జిల్లా పేజీల్లో అన్నిటికంటే ముందు అచ్చుకు పోతాయి. అందువల్ల మనకు గడువు ఎప్పుడూ ముందే ముగుస్తుంది. సాయంత్రం సభ మొదలయ్యే వేళకు మన పేజీ మూసేస్తారు.

డేట్‌లైన్ అంటే వార్త మొదట్లో వేసే ఊరి పేరు. ఆ పేరు వేశామంటే ఆ ఊళ్లో మనం ఉన్నామని, కళ్లతో చూశామని పాఠకుడికి చెబుతున్నట్టు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చిప్పగిరి వైపు పనిచేసిన ఒక కంట్రిబ్యూటర్ చూపించాడు. పేరు చెప్పను, మంచివాడే. సాయంత్రం ఒక నాయకుడి బహిరంగ సభ ఉంది. గడువు ముంచుకొస్తోందని, సభకు జనం పోటెత్తారనీ, నాయకుడు ఉద్వేగంగా ప్రసంగించారనీ మధ్యాహ్నమే రాసి పంపేశాడు. సాయంత్రానికి గాలీవానా వచ్చి షామియానా ఎగిరిపోయింది. నాయకుడు దారిలోనే వెనక్కి తిరిగాడు. తెల్లారి ఊరు ఊరంతా టీ కొట్ల దగ్గర ఆ ప్రసంగం చదువుకుని నవ్వుకుంది. చాలాకాలం ఆ కంట్రిబ్యూటర్‌ని చూస్తే చాలు, ఈ రోజు యాడ వాన పడబోతాందన్నా అని అడిగేవాళ్లు. పాపం, ఆయనా నవ్వేసేవాడు.

ఆ తప్పు నవ్వుతో పోయింది. అన్నీ అలా పోవు. నేను చెప్పాలనుకున్నది రెండో రకం గురించి.

పాతచిత్రం

వార్తకు తగిన ఫొటో ఆ రోజుకు దొరకనప్పుడు పాతది తీసి వేస్తారు. దాన్ని ఫైల్ ఫొటో అంటారు. అచ్చులో అయితే ఫొటో కింద చీమ తలకాయంత అక్షరాలతో 'పాతచిత్రం' అని ఉంటుంది. ఆ మాట పాఠకుడి కోసం వేస్తారని అనుకుంటారు. అది మన కోసం. రేపు ఎవరైనా అడిగితే, వేశాం కదా అని చూపించడానికి.

మా వైపు వలస వార్త ఏటా వస్తుంది. వేరుశనగ పోయి, పత్తి ఏరడం అయ్యాక ఆదోని, కోసిగి, పెద్దకడబూరు పల్లెల జనం గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. వార్త ఏటా ఒకటే కాబట్టి ఫొటో కూడా ఏటా ఒకటే. మా ఆదోని ఫొటోగ్రాఫర్ మాబు ఎప్పుడో తీశాడు. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం చివర రేకుల కప్పు లేని చోట ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. నెత్తిన మూట, చంకలో మూడేళ్ల పాప. ఆమె గడ్డం మీద పచ్చబొట్టు ఉంటుంది. ఆమె ముఖం ఎండలో వెలిగిపోతుంటుంది, పాప ముఖం మీద మాత్రం నీడ.

ఆ నీడ అంటే కర్నూలు డెస్క్ ఇన్‌ఛార్జ్ శేషగిరి గారికి మహా ఇష్టం. బిడ్డ భవిష్యత్తు మీద చీకటి పడ్డట్టుందయ్యా, ఎంత అర్థముందో చూడండి అని కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు చూపించేవారు. శేషగిరి గారి గురించి ఉన్నమాట చెప్పాలి. తెలుగు రాయడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. నా వాక్యాల్లో సగం ఆయన దిద్దినవే. అయితే డెస్క్‌లో కూర్చుని కూర్చుని, జిల్లా అంటే తన ముందున్న పేజీ అనే అనుకునే స్థితికి వచ్చారు. మంచి బాసుకు కూడా ఈ జబ్బు వస్తుంది.

ఒక ఏడు భర్తలు వదిలేసిన ఆడవాళ్లు, భర్తలు చనిపోయిన ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని ఒంటరిగా సుగ్గికి పోతున్నారని నేను వార్త ఇచ్చాను. నేను మాట్లాడిన మనుషులు నిజం, వాళ్లు చెప్పింది నిజం. ఫొటో మాత్రం తీయనివ్వలేదు. నేను ఫొటో లేకుండానే వార్త పంపాను. తెల్లారి చూస్తే 'ఒంటరి మహిళల కన్నీటి వలస' అన్న హెడ్డింగ్ కింద స్టేషన్‌లో మూటతో నిలబడ్డ ఆ మనిషే ఉంది. కింద చీమ తలకాయంత 'పాతచిత్రం'.

హెడ్డింగ్ బాగుందనుకున్నాను. ఫొటో ఎప్పుడూ చూసేదే కాబట్టి దాన్ని చూడనే లేదు.

ఆఫీసుకొచ్చిన మనిషి

వారం తిరగకుండా ఆమె మా ఆఫీసుకు వచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు చూసి మాబు మొదట గుర్తుపట్టాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె పేరు ఉరుకుందమ్మ. అన్నేళ్లు ఆమె ఫొటో వేసుకున్నాం, పేరు తెలిసింది మాత్రం ఆ రోజు.

తిట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, సంగతి నెమ్మదిగా చెప్పింది. వాళ్లది కోసిగి దగ్గర పల్లె. భర్త ఈరన్న ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. ఇంటి దగ్గర రెండు ఎనుములున్నాయి, పాలు పోస్తుంది. సుగ్గి మాట వాళ్ల ఇంట్లో వినబడి చాలా ఏళ్లయింది. చంకలో ఉన్న పాప మహాదేవి ఇప్పుడు కర్నూలులో నర్సింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది.

పేపరు వచ్చిన రోజుకు రెండు రోజుల ముందే ఉరుకుందమ్మ బిడ్డను చూడడానికి హాస్టల్‌కు పోయి వచ్చిందట. గదిలో ఉన్న ఆడపిల్లలందరికీ ఉగ్గాని, బజ్జీ తన చేత్తో పెట్టింది. అందుకని పేపర్లో ముఖాన్ని వాళ్లు వెంటనే గుర్తుపట్టారు. ఒకమ్మాయి దాన్ని ఫోన్లో ఫొటో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వెక్కిరించడానికి కూడా కాదు, జాలిపడి. అది ఇంకా అన్యాయం. మీ నాయన మిమ్మల్ని వదిలేసినాడా, మాకెప్పుడూ చెప్పలేదేమే అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి మహాదేవిని అడిగారు. కాదని చెబితే, దాచుకుంటోందని ఇంకా జాలిపడ్డారు. ఆ పిల్ల సంచి సర్దుకుని ఇంటికి వచ్చేసింది. మళ్లీ పోనంటే పోనని కూర్చుంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఇంకొన్నాళ్లు హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఏడాది పోతుంది.

ఉరుకుందమ్మ అప్పుడన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను.

"మేము సుగ్గికి పోయేది ఇడిసిపెట్టి శానా ఏండ్లాయ సార్. మీ పేపర్లో మాత్రం ఏటా పోతానే ఉండాము. సరే, పోతే పోనీలే అనుకుంటి. ఈ తూరి మొగుడు లేనిదాన్ని చేసి పంపించినారు. ఆయప్ప పేపరు చూసి అన్నం ముందర కూర్చున్నోడు లేసిపోయినాడు."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"ఆ పొద్దు ఆయప్ప నా పక్కనే ఉండె సార్. ఆయప్పని ఏం చేసినారు మీరు?"

నిజంగానే నాకు తెలియదు. ఫొటోలో ఆయన ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ఇక మీ ఫొటో రాకుండా చూస్తానమ్మా అని మాత్రం చెప్పాను. ఆమె లేచి, ముందు నా బిడ్డ కాలేజీకి పోయేది చూడు సార్ అని వెళ్లిపోయింది.

సవరణకు లొంగని తప్పు

సవరణ అంటే పత్రిక తన తప్పు తానే ఒప్పుకుని వేసే నాలుగు లైన్లు. ఖండన అంటే అవతలివాళ్లు ఇది తప్పని చెబితే వేసేది. రెండింటికీ పేజీలో చోటు ఒకటే, ఎవరి కంటా పడని అడుగు మూల.

నేను కర్నూలుకు ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. శేషగిరి గారు ఓపిగ్గానే విన్నారు. వార్తలో తప్పేమైనా ఉందా గిడ్డయ్యా అని అడిగారు. లేదన్నాను. ఫొటో మనది కాదా అన్నారు. మనదే అన్నాను. ఫొటో కింద పేరు వేశామా? లేదు. పాతచిత్రం అని వేశామా? వేశాం. ఇక దేన్ని సవరించాలయ్యా అన్నారు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆయన చెప్పిన ఒక్కొక్క మాటా నిజం. వార్త నిజం, ఫొటో నిజం, కింద వేసిన మాట నిజం. మూడు నిజాల్ని పక్కపక్కన పెట్టి ఒక కాపురాన్ని అబద్ధం చేశాం. దీనికి మన పనిలో పేరు లేదు. పేరు లేదు కాబట్టి తప్పు కూడా లేదని డెస్క్ లెక్క. నాకు ఒళ్లు మండిపోయింది. మీ ఇంట్లో ఆడవాళ్ల ఫొటో వేసి ఆ హెడ్డింగ్ పెడితే ఊరుకుంటారా సార్ అనేశాను. ఆయనతో అంత మాట అనడం అదే మొదటిసారి.

ఆయన, సవరణ కుదరదు గానీ, ఆ ఫొటో తీసేస్తాను, దానికి తగ్గది ఇంకోటి పంపు అన్నారు. పేజీ పెట్టేవాడికి బొమ్మ కావాలి కదా అన్నారు. కోపం రాలేదు ఆయనకు. ఆ మాట మాత్రం ఆయన పక్షాన చెప్పాలి.

మర్నాడు మాబు, నేను స్టేషన్‌కు పోయాం. బండి ఇంకా రాలేదు, ప్లాట్‌ఫాం నిండా మూటలు, మనుషులు. ఈసారి ఒక్కొక్కరినీ అడిగే ఫొటో తీయాలని నేను పట్టుబట్టాను. మాబు ఇన్నేళ్లలో ఎవరినీ అడిగి ఎరగడు. అడిగితే ముఖాలు బిగుసుకుంటాయి, ఫొటో చెడుతుందని వాడి సిద్ధాంతం. అందులో నిజం లేకపోలేదు. అడిగిన ప్రతివాళ్లూ వద్దన్నారు. పోతే పోతాం గాని పేపరుకెక్కేది ఎందుకప్పా అన్నారు. ఒక ముసలామె మాబును పైనుంచి కిందిదాకా చూసి, నీ పెండ్లాన్ని ఈడ నిలబెట్టి తీసుకో పో అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మాబు కూడా నవ్వి, మా బీబీ వస్తే నాకే మూట మోపుతుందమ్మా అన్నాడు. దాంతో కాస్త మాటలు కలిశాయి.

చివరికి వాళ్లు సామాన్లు తీసుకోండి, మనుషుల్ని వద్దు అన్నారు. మాబు నేల మీద బోర్లా పడుకుని తీశాడు. చుట్టిన చాప, మసిబారిన తపేలా, జొన్నపిండి సంచి, వాటి వెనక బండి కోసం నిలబడ్డ కాళ్లు. ముఖాలు లేని ఫొటోకు బలముండదయ్యా అని శేషగిరి గారు గొణిగారు గాని, మాట నిలబెట్టుకున్నారు. ఉరుకుందమ్మ ఫొటోను కంప్యూటర్లలోంచి తీసేయించి, నాకు ఫోన్ చేసి చెప్పారు.

నా పని అయిపోయిందనుకున్నాను.

ఫాలో అప్

ఒకసారి రాసిన వార్త వెంట మళ్లీ పోయి, తర్వాత ఏమైందో చూడడాన్ని ఫాలో అప్ అంటారు. అందరూ గొప్పగా చెప్పే మాట, ఎవరూ చేయని పని. నాకూ చేయాలనిపించలేదు. మాబే పట్టుబట్టాడు. ఆ బిడ్డ కాలేజీకి పోయిందో లేదో చూద్దాం పదన్నా అని ఆదివారం పూట బండి తీశాడు.

మేం పోయేసరికి ఇంటి ముందు ఈరన్న ఎనుమును కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి తలూపాడు. మళ్లీ ఎనుము వైపు తిరిగాడు. ఉరుకుందమ్మ మంచం వాల్చింది. మహాదేవి గడపలో కూర్చుని ఉంది, కాలేజీకి పోలేదు.

మీ ఫొటో తీసేశారమ్మా, ఇక ఎప్పుడూ రాదు అని చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూసి చాలా మర్యాదగా మాట్లాడింది.

"రానిది సరే సార్. వచ్చిందాంట్లో మా నాయన లేడు కదా. లేడని అందరూ చూసినారు. ఇంగ నేను ఏం చెప్పినా నమ్మరు. యాడికని పోదును?"

నలభై మంది విలేకరులకు పాఠాలు చెప్పినవాణ్ణి నేను. సిగ్గేసింది. తీసేశాం అన్నది మాకు పెద్ద పని. వాళ్లింట్లో దాంతో ఏ పనీ కాలేదు.

అప్పుడు మాబు సంచిలోంచి ఒక కవరు తీశాడు. నాకు ముందుగా చెప్పలేదు. ఆ రోజు ఆఫీసులో ఉరుకుందమ్మ 'ఆయప్పని ఏం చేసినారు' అని అడిగినప్పటి నుంచి వాడికి మనసు మనసులో లేదట. పాత డిస్కులన్నీ వెతికి, తను మొదట తీసిన ఫొటోను పట్టుకున్నాడు. దాన్ని పెద్దదిగా ప్రింటు వేయించి తెచ్చాడు.

ఆ ఫొటో అడ్డంగా ఉంది. మేం పేపర్లో చూసింది నిలువుది. కుడివైపు ఉరుకుందమ్మ, నెత్తిన మూట, చంకలో పాప. ఎడమవైపు ఈరన్న. ఒక చేత్తో రేకు పెట్టె పట్టుకున్నాడు. రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసి, పాప ముఖానికి ఎండ తగలకుండా చాపి పట్టుకున్నాడు. శేషగిరి గారు మెచ్చుకున్న చీకటి ఆ తువ్వాలు నీడ.

ఫొటోను చోటుకు తగ్గట్టు కత్తిరించడాన్ని క్రాప్ చేయడం అంటారు. మొదటిసారి ఆ ఫొటో అచ్చయిన రోజు పేజీలో నిలువు చోటు మిగిలింది. అడ్డం ఫొటో అందులో పట్టదు. ఒకవైపు కోశారు. కోసింది ఈరన్న ఉన్నవైపు. కోసినవాడెవడో ఎవరికీ గుర్తులేదు, వాడికి ఈరన్న మీద పగ లేదు, చోటు లేదంతే. పగ ఉండుంటే కనీసం ఒకణ్ణి తిట్టుకునేవాళ్లం. ఆ కోసిన ముక్కే ఫైల్లోకి పోయింది, ఏటా అదే బయటికొచ్చింది.

ఉరుకుందమ్మ ఫొటో చేతికి తీసుకుని, చూసినావా నేను చెప్పలేదా అన్నట్టు నా వైపు చూసింది. తర్వాత భర్తను పిలిచింది. ఈరన్న తడి చేతులు పంచెకు తుడుచుకుని వచ్చి, ఫొటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. మేం వచ్చిన తర్వాత ఆయన మాట్లాడింది అప్పుడే.

"ఆ పొద్దు ఎండ శానా ఉండె. పాప ఏడుస్తాండె," అన్నాడు.

అంతే. ఫొటో కూతురి చేతికిచ్చి, మళ్లీ ఎనుము దగ్గరికి పోయాడు. మహాదేవి దాన్ని చాలాసేపు చూసింది. వేలితో ఆ తువ్వాలు అంచు ముట్టుకుని చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. దాచుకోవాల్సిన వయసు దాటిపోయింది కాబట్టి చెబుతున్నాను.

క్యాప్షన్

ఫొటో కింద రాసే వాక్యాన్ని క్యాప్షన్ అంటారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నది చెప్పాలి. జాలి కలపకూడదు. ఫొటోలో లేనిది రాయకూడదు, ఉన్నవాణ్ణి వదలకూడదు. చెప్పడానికి ఇంతే. మేం వలస ఫొటోకు ఏటా 'పొట్ట చేతపట్టుకుని' అనీ 'కన్నీటి మూటతో' అనీ రకరకాలుగా రాశాం. ఆమె పేరు ఒక్కసారీ రాయలేదు, ఎందుకంటే అడగలేదు.

కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది చిన్నది. ఫొటో తీసేముందు పేరు అడగండి. వేసేముందు మొత్తం ఫొటో తెప్పించుకుని చూడండి. అందులో నీడ కనిపిస్తే, దాని అర్థం వెతక్కండి. ఎవరిదో అడగండి.

ఆ ఆదివారం మేం బండెక్కుతుండగా మహాదేవి ఫొటోను మంచం మీద పరిచి ఫోన్‌తో తీసుకుంటోంది. ఆ తర్వాతి రోజు పొద్దున కర్నూలు బస్సెక్కిందని ఉరుకుందమ్మ మాబుకు ఫోన్ చేసి చెప్పింది. బస్సెక్కకముందే ఆ పిల్ల ఫొటోను హాస్టల్ గ్రూపులో తనే పెట్టిందట. మాబుకు కూడా పంపింది. వాడు తెచ్చి నాకు చూపించాడు. కింద ఇలా రాసుకుంది:

'మా అమ్మ ఉరుకుందమ్మ, మా నాయన ఈరన్న, చంకలో నేను. ఆదోని స్టేషన్, సుగ్గికి పోయేటప్పుడు. ఎండ తగలకుండా తువ్వాలు పట్టుకునింది మా నాయనే.'

అలవాటు కొద్దీ రెండోసారి చదివాను. దిద్దాల్సిందేమీ కనిపించలేదు.